పన్నెండు ఐదులు

ఆ బుధవారం పొద్దున జయలక్ష్మి ఉల్లిపాయ మీద పాట కట్టింది. ఇది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. చేతిలో ఏ కూర ఉంటే దాని మీద రెండు ముక్కలు అప్పటికప్పుడు అల్లేసి, నోటికొచ్చిన రాగంలో పాడేస్తుంది. బెండకాయకు ఒక పాట, చింతపండుకు ఒకటి, ఎంత తిప్పినా మూత రాని పచ్చడి సీసాకు ఒకటి. వాటిలో కవిత్వం వెతికితే దొరకదు. వంట మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది.

"ఉల్లీ ఉల్లీ, నన్నేడిపించకే తల్లీ," అని రెండోసారి అందుకునేసరికి వంటింటి గుమ్మం దగ్గర టక్కుమని చప్పుడైంది. పెన్ను మూత తీసిన చప్పుడు. ఎవరని తిరిగి చూడక్కర్లేదు. మొగుడు భీమేశ్వరరావు నోటుబుక్కు తెరిచాడన్నమాట.

ఆయన నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. వానాకాలంలో గోదావరి నీటిమట్టం గంటగంటకూ పుస్తకంలోకి ఎక్కించడం, మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటూ పైవాళ్లకు కబురు పెట్టడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక నది దూరమైంది గానీ పుస్తకం దూరం కాలేదు. ఇప్పుడు తెల్లాపూర్‌లో, కొడుకు లోహిత్ ఫ్లాటులో, పదకొండో అంతస్తులో కూర్చుని భార్య మట్టం రాస్తున్నాడు. నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, మాటలు ఎక్కువా తక్కువా. పాటకైతే విడిగా ఒక గడే ఉంది.

ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. మూడేళ్ల కిందట నిజంగానే వరద వచ్చింది. జయలక్ష్మి ఐదు రాత్రులు కన్ను మూయలేదు, నోరు మూయలేదు. ఆరోనాడు చందానగర్ బజారుకు వెళ్లి కూరగాయల వాళ్లనీ, టైలరునీ, ఆటోవాళ్లనీ, ఎదురుపడ్డ ప్రతివాళ్లనీ కోడలు రసజ్ఞ సీమంతానికి రమ్మని పిలిచేసింది. పాపం, పిలిచిందని నలభై మంది దాకా వచ్చారు. క్లబ్‌హౌసు నిండా జనం, పళ్లు, పూలు, గాజులు. రసజ్ఞకు అసలు కడుపే లేదు. పెళ్లై నాలుగేళ్లయినా రాలేదని లోలోపల కుమిలిపోతున్న పిల్ల, ఆఫీసు నుంచి వచ్చి, మెడలో ట్యాగు కూడా తియ్యకుండా అంతమంది మధ్య నిలబడిపోయింది. ఆ పిల్ల చేతులు పట్టుకుని జయలక్ష్మి గాజులు తొడగబోయింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. మనసు హద్దు దాటి పొంగుతూ కుంగుతూ ఉండే ఆ జబ్బుకు బైపోలార్ అని పేరు తెలిసింది. పేరు తెలిసినంత మాత్రాన సిగ్గు పోతుందా? ఈ రోజుకీ కోడలి మణికట్టు చూస్తే జయలక్ష్మి కళ్లు దించేసుకుంటుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక చేర్చిందే పసుపు గేటు. చందానగర్ బజారు వెనక సందులో రెండంతస్తుల ఇల్లు అది. బోర్డు మీద పేరు రెండు వరుసలు ఉంటుంది, దాన్ని పూర్తిగా పలికినవాడు ఇంతవరకూ లేడు, అందరూ గేటు రంగుతోనే పిలుస్తారు. ఇలాంటి పెద్ద జబ్బులున్న పెద్దవాళ్లు పద్దెనిమిది మంది సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున పదికి వస్తారు, నాలుగింటికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మధ్యలో మందులు, మాట్లాడుకోవడాలు, వంతులవారీగా వంట, మొక్కలకు నీళ్లు, మధ్యాహ్నం కాసేపు క్యారమ్స్. జయలక్ష్మికి మొదట్లో ఇదంతా పిల్లల బడిలా అనిపించి ఒళ్లు మండింది. తర్వాత్తర్వాత, రోజుకు ఒక మొదలూ ఒక చివరా ఉండడం ఎంత హాయో తెలిసొచ్చింది. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి లిథియం మందు సరిపోతోందో లేదో చూపించుకోవడం కూడా పాలప్యాకెట్టు తెచ్చుకున్నంత మామూలైపోయింది.

పసుపు గేటులో రోజు మొదలయ్యేది అంకెతో. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. తన మనసు ఎక్కడుందో ఒకటి నుంచి పది లోపు ఒక అంకె చెప్పాలి. ఒకటంటే పాతాళం, పదంటే ఆకాశం, ఐదంటే నేల. మూడుకు తగ్గినా ఏడు దాటినా మెర్సీ పక్కకు పిలిచి మాట్లాడుతుంది. మెర్సీ అక్కడి కౌన్సెలరు. ముప్పై ఏళ్ల పిల్ల, అరవై ఏళ్ల ఓపిక.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చేరిన కొత్తలో ఎవరి జబ్బు ఎలా మొదలవుతుందో వాళ్ల చేత్తో వాళ్లే రాసి, ఇంట్లో నమ్మకమున్న ఒక మనిషికి ఇవ్వాలి. ఆ కాగితాన్ని 'నా గుర్తులు' అంటారు. జయలక్ష్మి దాన్ని రాసింది ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున, సిగ్గుతో చచ్చిపోతూ. ఒకటి, ఊరికే సంతోషంగా ఉంటాను. రెండు, పాడతాను. మూడు, నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. నాలుగు, ఇంటికి చాలినదానికన్నా చాలా ఎక్కువ వండుతాను. కింద సంతకం పెట్టి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన సర్కారు ఉద్యోగం చేసినవాడు కదా, కాగితానికి విలువ తెలుసు. మర్నాడే లామినేషన్ చేయించి బీరువా తలుపు లోపల అంటించాడు. మొదటి రెండు గుర్తులూ ఆవిడకు యాభై ఏళ్లుగా ఉన్న స్వభావమేనన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

సరే, ఇంతకీ ఆ బుధవారం ఉల్లిపాయ మీద పాట ఎందుకు పుట్టిందంటే, ముందురోజు మెర్సీ ఒక మాట చెప్పింది. మాదాపూర్‌లో ఒక ఆఫీసు బిల్డింగు కింది అంతస్తులో పసుపు గేటు వాళ్లు టీ, టిఫిన్ల కౌంటరు నడుపుతున్నారు. అందులో పనిచేసేదంతా ఇక్కడ కుదురుకున్నవాళ్లే. వచ్చే వారం కాక ఆ పై శుక్రవారం డాక్టరుతో రివ్యూ ఉందనీ, అంతా బాగుంటే జయలక్ష్మికి అక్కడ చోటు ఉందనీ, ఇక్కడికి రావడం ఐదు రోజుల నుంచి తగ్గుతుందనీ చెప్పింది. మెడలో ట్యాగు కూడా ఇస్తారట. కొడుక్కు ట్యాగు, కోడలికి ట్యాగు, లిఫ్టులో ఎక్కే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ట్యాగు. యాభై ఆరేళ్లొచ్చినా తన ఫొటో ఉన్న కార్డు ఒక్కటి మెడలో పడలేదని జయలక్ష్మికి ఎప్పటి నుంచో చిన్న కొరత. అది తీరబోతోందంటే మనిషన్నవాడు పాడడా?

పెన్ను మూత చప్పుడుకు పాట సగంలో తెగిపోయింది. అంతలో హాల్లోంచి రసజ్ఞ గొంతు వినపడింది. లోహిత్ ఆ వారం ఆఫీసు పనిమీద పుణెలో ఉన్నాడు. ఫోనులో అతనికి మెల్లగా చెబుతోంది.

"అత్తయ్య మళ్ళీ పాడుతున్నారు."

ఆ 'మళ్ళీ' జయలక్ష్మి గుండెలో గుచ్చుకుంది. ఉల్లిపాయ ముక్కలు అలాగే వదిలేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఒక నిర్ణయానికి వచ్చింది. రివ్యూ అయ్యేదాకా సంతోషం బయటపడకూడదు. ఒక్క పాట, ఒక్క నవ్వు, ఒక్క చెంచాడు ఎక్కువ కూర, ఏదీ ఎవరి కంటా పడకూడదు. ట్యాగు మెడలో పడ్డాక చూసుకుందాం అనుకుంది.

గురువారం నుంచి అంకెల దగ్గర ఐదు అనడం మొదలుపెట్టింది. శుక్రవారం ఐదు. సోమవారం ఐదు. నేల మీదే ఉన్నాను, చూసుకోండి అన్నట్టు.

అనుకున్నంత తేలిక కాలేదు. సంతోషం మాత్రం వద్దంటే పోయేలా లేదు. వంకాయలు నిగనిగలాడుతూ చూసేవి, పాట గొంతుదాకా వచ్చేది, పెదవి కొరుక్కునేది. పసుపు గేటు వ్యానులో పక్కావిడ జోకు వేస్తే కిటికీలోంచి ఫ్లైఓవరు వైపు చూసేది. ఒకరోజు నవ్వు మరీ ఆగక బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, తనివితీరా నవ్వుకుని, మొహం కడుక్కుని బయటికొచ్చింది. భోజనాల దగ్గర అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది. తిండి కూడా మితంగా తినేది, ఎందుకైనా మంచిదని. ఆ రోజుల్లో ఆ ఇంట్లో కూరలకు ఉప్పూ కారం సరిగ్గానే పడ్డాయి, రుచి మాత్రం లేదు.

టక్కు, టక్కు అని పెన్ను మూత తన పని తాను చేసుకుపోయింది. ఏం రాస్తున్నాడో జయలక్ష్మి చూడలేదు. పాట లేనప్పుడు రాయడానికేముంటుందిలే అనుకుంది.

రివ్యూకు ముందురోజు, గురువారం మధ్యాహ్నం, ఇశ్రాయేలు క్యారమ్స్ బోర్డు దగ్గరికి పిలిచాడు. ఆయన హఫీజ్‌పేట్ నుంచి రోజూ లోకల్ రైల్లో వస్తాడు. ఒకప్పుడు కరెంటు పని చేసేవాడు. ఇరవై ఏళ్లుగా ఆయన తలలో ఎవరో మాట్లాడుతుంటారు. ఆ గొంతులు మీదపడకుండా ఉండడానికి కనపడ్డవన్నీ లెక్కపెట్టడం ఆయన కనిపెట్టుకున్న ఉపాయం. మెట్లు, కిటికీ ఊచలు, బల్బులు, అన్నీ లెక్కే.

"జయమ్మా, నేను లెక్కవెడుతున్న. పదకొండు దినాల సంది నీది ఐదే," అన్నాడు స్ట్రైకరు సర్దుకుంటూ. "గోడ గడియారం గూడ జర ముందుకో ఎనకకో పోతది. నువ్వెట్ల పోతలేవు?"

కుదురుగా ఉన్నానని అర్థమండీ అంది జయలక్ష్మి.

"కుదురుగున్నోళ్లు గిట్ల ఉండరు. నా తలకాయల నలుగురు లొల్లి చేస్తుంటేనే నేను ఆరు అంటున్న. నీకేం పరేషాన్ వచ్చింది?"

జయలక్ష్మి ఎర్ర కాయిన్ మీద గురిపెట్టింది. అది మూల కన్నంలో పడింది. పడ్డందుకు కూడా నవ్వలేదు. ఇశ్రాయేలు తల అడ్డంగా ఊపి, నాకు చెప్పకున్నా మెర్సీ మేడమ్‌కైనా చెప్పమని ఊరుకున్నాడు.

శుక్రవారం పన్నెండో ఐదు కూడా అయిపోయింది. పదకొండున్నరకు పై గదిలో రివ్యూ. డాక్టరమ్మ, మెర్సీ, ఇటువైపు జయలక్ష్మి, పక్కన ఫైలు ఒళ్లో పెట్టుకుని భీమేశ్వరరావు. జయలక్ష్మి ఇస్త్రీ చీర కట్టుకుని, మొహంలో ఏమీ లేకుండా సర్దుకుని కూర్చుంది. ఇక రాకేం చేస్తుంది ట్యాగు, అనుకుంది.

మెర్సీ భీమేశ్వరరావు నోటుబుక్కు తీసుకుని పైకి చదివింది. మాటలు తక్కువ. ఆకలి తగ్గింది. మొహం వాడిపోయి ఉంది. పాట లేదు. మర్నాడు, పాట లేదు. ఆ మర్నాడూ పాట లేదు. ఒకచోట గడిలో పట్టక పక్కన చిన్నక్షరాలతో రాశాడాయన: అడిగితే తప్ప మాట్లాడడం లేదు, నాకు భయంగా ఉంది.

డాక్టరమ్మ జయలక్ష్మి వైపు జాలిగా చూసి, మనసు కిందికి జారుతున్నట్టుందనీ, ఈ జబ్బులో అది మామూలేననీ, కంగారుపడొద్దనీ చెప్పింది. కౌంటరు సంగతి రెండు నెలలు ఆగి చూద్దామంది. మందు కూడా ఒకసారి సరిచూడాలంది.

జయలక్ష్మి మొగుడి ఒళ్లో ఉన్న ఫైలు వైపు చూసింది. పాడితే ట్యాగు పోతుందని నోరు కట్టుకుంది, నోరు కట్టుకున్నందుకే పోయింది. ఇప్పుడు నిజం చెబితే? సంతోషంగా ఉన్నానంటే అది ఒకటో గుర్తు. సొంత చేతిరాత, సొంత సంతకం, లామినేషన్ చేసిన ఆ కాగితాన్ని రివ్యూ కోసమని బీరువా తలుపు నుంచి ఊడదీసి తెచ్చాడు, అదిగో ఆ ఫైల్లోనే ఉంది. చెప్పకపోతే ఎలాగూ పోయింది. ఇంత సంతోషాన్ని పెట్టుకుని దిగులుకు మందు మింగాల్సి వస్తుందేమోనన్న ఆలోచనకు ఆమెకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

"నాకు దిగులు లేదండి," అంది. "సంతోషంగా ఉన్నాను. పన్నెండు రోజుల నుంచి దాచుకుంటున్నాను."

భీమేశ్వరరావు చెయ్యి దానంతటదే జేబులోని పెన్ను దగ్గరికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఎందుకు దాచారు ఆంటీ అని మెర్సీ అడిగింది. జయలక్ష్మి అన్నీ చెప్పేసింది. ఉల్లిపాయ, పెన్ను మూత, కోడలి నోట 'మళ్ళీ', బాత్రూములో కుళాయి. కుళాయి దగ్గరకొచ్చేసరికి డాక్టరమ్మ పెదవులు బిగించుకుంది, నవ్వు కనపడకుండా. పాట వచ్చినప్పుడు ఏం చేసేవారని అడిగింది.

"పెదవి కొరుక్కునేదాన్నండి. ఆగిపోయేది."

తన నోటి నుంచి వచ్చిన మాట జయలక్ష్మికే కొత్తగా వినపడింది.

"ఆగిపోయేది," అంది మళ్లీ, మెల్లగా. "మూడేళ్ల కిందట ఆగలేదండి. ఈయన చేతులు జోడించి ఆపమన్నారు. నాకూ ఆపాలనే ఉండేది, నా వల్ల కాలేదు. అప్పుడు పాడింది నేను కాదు. ఇప్పుడు నేనే."

డాక్టరమ్మ నోటుబుక్కు తన ముందుకు లాక్కుంది. ఈసారి నిద్ర గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. ఏడు, ఏడున్నర, ఏడు, ఏడు. ఒక్క రాత్రి కూడా తగ్గలేదు, పెరగలేదు. నేను ముందు చూడాల్సింది ఇది, పాట గడి చూసి నేనూ తొందరపడ్డాను అని ఒప్పేసుకుంది. వారానికి రెండు పొద్దుటిపూటలు కౌంటరులో, మూడు రోజులు ఇక్కడ, నిద్ర రాయడం మాత్రం ఆపకూడదు అని తేల్చింది. మందు మార్చక్కర్లేదంది.

జయలక్ష్మి వెంటనే లేవలేదు. తన గుర్తుల కాగితం మార్చుకోవచ్చా అని అడిగింది. అది మీదే కదా ఆంటీ అంది మెర్సీ. ఫైల్లోంచి కాగితం వచ్చింది, పెన్ను వచ్చింది. లామినేషన్ మీద పెన్ను జారిపోయి గీత పడలేదు. ఇంకోసారి గట్టిగా గీసింది, పడలేదు. అప్పుడు భీమేశ్వరరావు మెర్సీని కత్తెర అడిగాడు. ఆ కాగితాన్ని తడవకుండా, చిరగకుండా మూడేళ్లు కాపాడిన మనిషి, అంచు వెంబడే నిదానంగా కత్తిరించి, పైపొర ఒలిచి, కాగితం భార్య ముందు పెట్టాడు. నాలుగో గుర్తు చివర కొంచెం చిరిగింది.

"పెన్ను చప్పుడు నీకు వినపడుతుందని నాకు తెలీదు జయా," అన్నాడు.

"పదకొండో అంతస్తు మొత్తానికి వినపడుతుందండీ," అంది జయలక్ష్మి.

ఒకటో గుర్తు అడ్డంగా కొట్టేసింది. రెండోది, 'పాడతాను' అన్నదాన్ని కొట్టేసి పక్కన రాసింది: పాట ఆపమంటే ఆపలేను. లిథియం వల్ల ఆమె చెయ్యి కొంచెం వణుకుతుంది, అక్షరాలు వంకరపోయాయి. అయినా కింద తారీఖు వేసి మళ్లీ సంతకం పెట్టింది. మెర్సీ డ్రాయరు లాగి ట్యాగు తీసి చేతిలో పెట్టింది. కార్డు రెండు వారాల కిందటే చేయించి పెట్టిందట. జయలక్ష్మికి కళ్లు నిండిపోయాయి. మెట్లు దిగుతుంటే కింద నిలబడి ఉన్న ఇశ్రాయేలు అంకె ఎంత అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఒక చేతి ఐదు వేళ్లూ, రెండో చేతివి రెండూ చూపించి, ఆగి, ఇంకో వేలు సగం పైకెత్తింది.

ఆదివారం సాయంత్రం రసజ్ఞ వచ్చి పక్కన కూర్చుని, ట్యాగు చూపించమని అడిగింది. ఫొటో బాగా వచ్చిందంది. మెలిపడ్డ తాడును సరిచేసి అత్తగారి మెడలో వేసింది. వేస్తూ, ఆ రోజు నేను ఫోనులో అన్న మాట మీ చెవిన పడిందని మామయ్యగారు చెప్పారు అత్తయ్యా అంది.

"నాకు భయమేసిన మాట నిజమేనండి. కానీ ఈ రెండు వారాలు మీరు పాడకుండా తిరుగుతుంటే ఇంకా భయమేసింది."

జయలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుంది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఆ మణికట్టు ఆమె చేతిలో ఉంది. రసజ్ఞ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సోమవారం కౌంటరులో మొదటి రోజు, వ్యాను ఏడున్నరకు. ఆరింటికే జయలక్ష్మి స్నానం చేసి పెసరట్లకు పెనం పెట్టింది. ఉల్లిపాయ తరుగుతుంటే, అడక్కుండానే పాట వచ్చేసింది. మొదట సన్నగా, తర్వాత మామూలు గొంతుతో. ఉల్లీ ఉల్లీ, నన్నేడిపించకే తల్లీ. మూడోసారి అందుకునేసరికి గుమ్మం దగ్గర మనిషి నిలబడ్డట్టు తెలిసింది. పెన్ను మూత చప్పుడు కాలేదు.

"జయా, ఒక్కసారి ఆపుతావా," అన్నాడు భీమేశ్వరరావు.

ఆమె ఆపేసింది.

పెనం మీద అట్టు చిటపటలాడింది. కింద ఎక్కడో కారు రివర్సవుతున్న చప్పుడు. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. జయలక్ష్మి అట్టు తిరగేసి, పళ్లెంలో వేసి, ఇంకో గరిటెడు పిండి పోసింది. పాట రాలేదు. ఆయన నిలబడ్డాడు, నిలబడ్డాడు, ఇక ఉండబట్టలేకపోయాడు.

"సరే, ఆగింది కదా. ఇక పాడవే."

జయలక్ష్మి ఆయన వైపు చూడకుండానే నవ్వుకుంది, కుళాయి తిప్పకుండా, పైకే. పాట ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది. ఆయన బల్ల దగ్గర కూర్చుని, పెసరట్టు తింటూ, ఎడంచేత్తో నోటుబుక్కు తెరిచి పట్టుకుని రాశాడు. అల్లం పచ్చడి వడ్డించే వంకతో జయలక్ష్మి తొంగిచూసింది. నిద్ర గడిలో ఏడు అని ఉంది. పాట గడిలో ఇలా ఉంది: ఆపమంటే ఆగింది. మళ్ళీ నేనే పాడమన్నాను.